మూడు దుర్బీనులు, లేని రోడ్డు

గురువారం ఉదయం సిరిల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మొక్కజొన్న సంకటి తిని, ఎనిమిదింటి బస్సులో పట్నం వెళ్లి, తుపాకీకి కొత్త దుర్బీను ఒకటి కొనుక్కుని, మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరాలి. ఇదంతా ఎవరికీ తెలియకుండా జరగాలన్నది అందులో ముఖ్యమైన భాగం.

"పొద్దున్నే ఆదివారం చొక్కా తొడిగావేం?" అంది భార్య రొజాలియా, సంకటి మీద వేయించిన పందికొవ్వు ముక్కలు వేస్తూ.

"దుర్బీను కొనడానికి."

"లుద్విక్‌ని అడక్కుండానే?"

"లుద్విక్‌ని అడిగితే ఎనిమిది రెట్లు దగ్గర చేసేది కొనమంటాడు. ఆయన్ని అడిగానని తెలిస్తే వేటసంఘంలో మిగతా తొమ్మిదిమందీ గుమ్మంలోకి వస్తారు. ఒక్కొక్కడూ ఒక్కోటి చెబుతాడు. చెప్పింది కొనకపోతే చచ్చేదాకా దెప్పుతాడు. నువ్వు మాత్రం నోరు విప్పకు."

"నాకేం పట్టింది," అంది రొజాలియా. ఆమె ఆ మాట మీదే నిలబడింది. తర్వాత జరిగిన దానిలో ఆమె పాపం ఏమీ లేదు.

స్కాలిన్యే ఊరి వేటసంఘంలో పదకొండుమంది సభ్యులు. సంఘం పెద్ద లుద్విక్. ఏడాదికి ఒకరికే కొమ్ముల దుప్పిని కొట్టే అనుమతి దక్కుతుంది. పోయినేడు అది సిరిల్‌ది. తెల్లవారుతుండగా కొండమీది రాతిమైదానంలో, రెండువందల యాభై మీటర్ల దూరంలో, దుప్పి వచ్చి నిలబడింది. సిరిల్ కన్ను పెట్టి చూస్తే పాతికేళ్లనాటి దుర్బీను లోపల మంచు పట్టి, పాలగిన్నెలోకి చూసినట్టు తెల్లగా కనిపించింది. దుప్పి ఇరవై నిమిషాలు తీరిగ్గా మేసి వెళ్లిపోయింది. అప్పటినుంచి ఊరి సారాకొట్టులో సిరిల్ అడుగుపెడితే చాలు, ఎవరో ఒకరు "సిరిల్‌కి ఒక గ్లాసు పాలు!" అని కేకేస్తారు.

ఈ ఏడు కూడా వంతు అతనికే ఇద్దామని లుద్విక్ అన్నాడు. ఆరుగురు సరేనన్నారు, నలుగురు పాలగ్లాసు ఎత్తారు. సెప్టెంబరు నెలాఖరులోగా పని జరగాలి. ఇదీ పోతే మళ్లీ వంతు పదకొండేళ్ల తర్వాతే. సిరిల్‌కు ఇప్పటికే అరవై నాలుగు.

పట్నంలో తుపాకుల దుకాణం నడిపేది హెర్మీనా అనే పెద్దావిడ. అతని గోడు ఓపిగ్గా విని, "మీరు వేటాడే చోటు ఎలా ఉంటుంది?" అని అడిగింది.

"కింద వాగు పక్కన మొక్కజొన్న చేలు. సాయంత్రం వెలుగు పోయే వేళకి గానీ దుప్పి బయటికి రాదు. మధ్యలో బీచ్ అనే పెద్ద చెట్ల అడవి. నలభై అడుగులు దాటితే ఏదీ కనపడదు, కనపడితే క్షణంలో మాయం. పైన రాతిమైదానం. అక్కడ రెండువందల యాభై మీటర్లకి తక్కువగా దగ్గరికి పోనివ్వదు."

"అయితే మీకు మూడు దుర్బీనులైనా కావాలి, మూడు జన్మలైనా కావాలి."

ఆమె మూడు పెట్టెలు తీసి బల్ల మీద పెట్టింది. మొదటిది పొట్టిది. దూరాన్ని పెద్దగా దగ్గర చేయదు గానీ అటూ ఇటూ చాలా చూపిస్తుంది, అడవికి అనుకూలం. రెండోది ఎనిమిది రెట్లది. ముందు గాజు చేటంత ఉంటుంది, మసక వెలుతురును కూడా వడకట్టి పట్టుకుంటుంది. మూడోదానికి తిప్పుకునే కట్టు ఉంది. రెండు రెట్ల నుంచి పన్నెండు రెట్ల దాకా ఎంత కావాలంటే అంత.

"దుకాణంలో నిలబడి ఎంచుకునేది కాదిది," అంది హెర్మీనా. "సోమవారం దాకా మూడూ తీసుకెళ్లండి. తుపాకీకి బిగించొద్దు. ఉత్త దుర్బీనునే చూడండి. ఒకే వస్తువుని, ఒకే దూరం నుంచి, మూడింటితోనూ. మీ అడవిలో, మీ వెలుతురులో. చెయ్యి వణకకుండా ఈ ముక్కాలి స్టాండు కూడా పట్టుకెళ్లండి."

సిరిల్ మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరాడు. పథకంలో అంతవరకే సవ్యంగా నడిచింది.

శుక్రవారం ఉదయం అతను రొజాలియా పెరట్లోంచి బీన్స్ తీగలు పాకించే కర్రలు ఆరు తీసుకున్నాడు. దూరం నుంచి కనపడాలని ఒక్కో కర్ర చివర ఎర్ర గుడ్డపీలిక కట్టాడు. అడవి దరిదాపుల్లో తిరిగేటప్పుడు వేసుకోవాలని సంఘం నియమం ఉంది కాబట్టి నారింజరంగు కోటు తొడిగాడు. వాగు పక్క గుడి దగ్గరనుంచి మొదలుపెట్టి అడుగులు లెక్కపెట్టుకుంటూ యాభై మీటర్లకొకటి చొప్పున కర్రలు వరసగా పాతాడు. ఆ వరస అలోయ్జ్ మొక్కజొన్న చేను గట్టు మీదుగా అడవి దిక్కుకు సాగింది. తర్వాత గుడి ముందు ముక్కాలి స్టాండు నిలబెట్టి, దాని మీద దుర్బీను పెట్టి, ఒక కన్ను మూసి చూస్తూ, చిన్న పుస్తకంలో ఏదో రాసుకోసాగాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. సిరిల్ ఇరవై ఎనిమిదేళ్లు భూమి కొలతల కార్యాలయంలో పనిచేశాడు. అతను నడిపింది ఆ కార్యాలయం వాళ్ల జీపు మాత్రమే. కొలిచే యంత్రాన్ని ఎన్నడూ ముట్టుకోలేదు. కానీ ఊళ్లో ఆ తేడాను ఎవరూ పట్టించుకోలేదు. ఇంకో సంగతి కూడా ఉంది. కొండ అవతలి రాళ్ల క్వారీకి పోయే లారీలు స్కాలిన్యే ఇరుకు వీధిలోంచే పోతాయి, కిటికీలన్నీ గజగజలాడతాయి. ఊరి పక్కనుంచి వేరే రోడ్డు వేస్తారని ముప్పై ఏళ్లుగా అనుకుంటున్నారు. అనుకోవడం తప్ప ఏమీ జరగలేదు.

గుడి ఎదురింటి కిటికీ జోఫ్కాది. డెబ్బై దాటిన మనిషి. తేనెటీగలు పెంచుతుంది. ఊరంతా ఆమెను అత్త అంటుంది. ఆమె ఒక పావుగంట కిటికీలోంచి చూసి, ఇక ఉండబట్టలేక బయటికొచ్చింది.

"ఏం కొలుస్తున్నావురా?"

"ఏం లేదత్తా. ఊరికే చూస్తున్నాను."

"ఎవరి కోసం?"

"నా కోసమే."

"మూడు కాళ్లు పెట్టి, నారింజ కోటేసి, పుస్తకంలో రాసుకుంటూ నీ కోసం చూసుకుంటున్నావా?"

"అత్తా, నీకు దండం పెడతాను. ఎవరితోనూ అనకు. ఇంకా ఏదీ ఖాయం కాలేదు."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. జోఫ్కా లోపలికి వెళ్లి ఫోను తీసింది.

మధ్యాహ్నానికి అలోయ్జ్ సిరిల్ ఇంటికి వచ్చాడు. చంకలో పొగబెట్టిన పందితొడ ఒకటి ఉంది. అలోయ్జ్ మంచి రైతు. ఉత్త చేతులతో ఎవరింటికీ పోడు. కారణం లేకుండా కూడా పోడు.

"అన్నా, నాకు తెలిసిపోయింది," అన్నాడు గొంతు తగ్గించి.

అది దుప్పి సంగతేనని సిరిల్ అనుకున్నాడు. దుప్పి ఏ దారిన తిరుగుతుందో అతను నెలరోజులుగా కనిపెడుతున్నాడు. వేటగాడికి అంతకు మించిన రహస్యం లేదు. "ఎవరు చెప్పారు?"

"జోఫ్కా అత్త. నేనెవరికీ చెప్పన్లే. ఒక్కటి చెప్పు చాలు. ఎటునుంచి వస్తుంది?"

తొక్కుడుపడేది అలోయ్జ్ చేనే కాబట్టి అతనికి తెలుసుకునే హక్కుందని సిరిల్‌కు అనిపించింది. "పైన రాతిమైదానం నుంచి దిగుతుంది. అడవి అంచు పట్టుకునొచ్చి, నీ మొక్కజొన్నలోంచి వాగు దాకా."

"నా చేలోంచేనా!"

"నీ చేలోంచే. ఇంకో దారి లేదు."

"వెడల్పెంత?"

సిరిల్ దుప్పి కొమ్ముల్ని తల్చుకున్నాడు. "కొలవలేదనుకో. మీటరు దాటుతుందని లుద్విక్ అంచనా."

"మీటరేంటన్నా! ట్రాక్టరు కూడా పట్టదే!"

"ట్రాక్టరు సంగతి తర్వాత. ముందు కూలాలి కదా."

"కూలాలా?" అలోయ్జ్ కిటికీలోంచి తన పశువుల కొట్టం కేసి చూశాడు. "ఎప్పటికి?"

"నెలాఖరులోగా."

అలోయ్జ్ టోపీ నలుపుకుంటూ, "మరి నాకు పరిహారం?" అన్నాడు.

"ఎందుకు రాదు? జరిగిన నష్టానికి నియమం ప్రకారం వస్తుంది," అన్నాడు సిరిల్. దుప్పులు పాడుచేసిన పంటకు వేటసంఘమే పరిహారం ఇచ్చుకోవాలి. ఏటా ఇస్తూనే ఉంది. "మొక్క మొక్కకీ చూసి ఇస్తారు. పండ్లమొక్కలైతే మరీ ఎక్కువ."

"పండ్లమొక్కలైతే," అని అలోయ్జ్ ఆ మాటను నెమ్మదిగా తిరిగి అన్నాడు. పందితొడ బల్ల మీద పెట్టి, భోజనం చేసి వెళ్లమన్నా ఆగకుండా వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం లోపల అలోయ్జ్ గట్టు పొడుగునా నలభై ఆపిల్ మొక్కలు నాటాడు. అతను నాటడం చూసి పక్క చేనువాడు ప్లమ్ మొక్కలు తెచ్చాడు. అతన్ని చూసి ఇంకో ఇద్దరు ఏ మొక్కలు దొరికితే అవి తెచ్చారు. శనివారం పొద్దున్న సిరిల్ వచ్చి చూసేసరికి తన కర్రల చుట్టూ తోట మొలిచి ఉంది. దానికి తోడు రోడ్డంటే పడని జోఫ్కా, రంగులు వేసిన తన తేనెపెట్టెలు పద్నాలుగింటిని ఆ వరసకు అడ్డంగా పేర్పించింది. కింది చేలో అందరికీ ఒక్కసారే పని తొందరపడినట్టుంది అనుకుని, సిరిల్ ముక్కాలి స్టాండు భుజాన వేసుకుని అడవిలోకి వెళ్లాడు. అక్కడ మరో ఆరు కర్రలు పాతాడు. పదిన్నరకు రాతిమైదానం ఎక్కి ఇంకో ఆరు పాతాడు.

పదకొండింటికల్లా ఊరికి తెలిసిందేమిటంటే, రోడ్డుకు మూడు దారులు పరిశీలనలో ఉన్నాయి. కింది దారి, మధ్య దారి, పై దారి. పై దారికి సొరంగం తవ్వుతారు. సొరంగం ఎవరికి తట్టిందో చివరిదాకా తేలలేదు.

మేయర్ ఫెర్దో ఈ సంగతి మంగలి దగ్గర విన్నాడు. సగం గడ్డం మీద సబ్బు ఉండగా, "రోడ్డు గురించి మేయర్ గారికి తెలిసే ఉంటుందిగా," అని మంగలి అన్నాడు. ఫెర్దోకు ఏమీ తెలియదు. కానీ ఊరి మీదుగా రోడ్డు పోతుంటే మేయర్‌కు తెలియదంటే ఆ మేయర్ ఎందుకు? "ఇప్పుడే నేనేమీ చెప్పకూడదు," అన్నాడు. ఆ మాటతో అనుమానం ఉన్నవాళ్లకు కూడా అనుమానం తీరిపోయింది.

మధ్యాహ్నం సిరిల్ కొండ దిగి వస్తుంటే మేయర్ కారు పక్కన ఆగింది.

"సిరిల్, నాతో దాచకు. మూడింట్లో దేన్ని ఎంచుకుంటున్నావ్?"

ఊళ్లో ఒక్క రహస్యం కూడా దాగదని సిరిల్ లోపల్లోపల విసుక్కున్నాడు. మేయర్ వేటగాడు కాడు కాబట్టి సలహా చెప్పడన్న ధైర్యంతో ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. "కింద బాగున్నది పైన పనికిరావడం లేదు మేయర్ గారూ. పైన బాగున్నది అడవిలో పనికిరాదు. మూడోది అన్నిటికీ సరిపోయేట్టుంది. బరువే ఎక్కువ."

"బరువా? ఎంత?"

"ఏడువందలు దాటుతుంది."

ఫెర్దో స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు. సిరిల్ చెప్పింది గ్రాముల్లో, ఫెర్దో మనసులో మాత్రం లారీలు వరస కట్టాయి. "రోజుకా?"

"రోజూ మోయాల్సిందేగా. ఒకరోజు తక్కువా ఒకరోజు ఎక్కువా ఉండదుగా."

"ఊరు తట్టుకుంటుందంటావా?"

సిరిల్‌కు ఆ ప్రశ్న అర్థం కాలేదు. "ఊరికేం? మోసేది నేనేగా," అన్నాడు.

ఆ త్యాగబుద్ధికి మేయర్ తల వంచాడు. కారు ముందుకు పోయింది.

సాయంత్రానికి ఊళ్లో రెండు అర్జీలు తయారయ్యాయి. రోడ్డు వద్దే వద్దని జోఫ్కా తిప్పినదాని మీద తొంభై ఆరు సంతకాలు. రోడ్డు కావాలి, అదీ కింది దారిలోనే కావాలని అలోయ్జ్ తిప్పినదాని మీద డెబ్బై ఒకటి. ఊళ్లో ఉన్న పెద్దవాళ్లు నూటనలభైమందే కాబట్టి కొందరు రెండింటి మీదా సంతకం పెట్టి ఉండాలి. మేయర్ ఫెర్దో ఎవరినీ నొప్పించే మనిషి కాడు. రెండు అర్జీలనూ ఒకే ఉత్తరానికి జతచేసి రాజధానిలో రోడ్లు చూసే కార్యాలయానికి పంపించాడు. ఆదివారం ప్రార్థన కాగానే అగ్నిమాపక దళం హాల్లో సభ అని చాటించాడు.

సిరిల్ సభకు వచ్చింది కూర్చోవడానికి. వచ్చీరాగానే అతన్ని వేదిక మీదికి పిలిచారు.

"మూడు దారుల్లో ఏ దారివాళ్ల కొంప ముంచుతున్నావో ఇప్పుడే చెప్పు!" అంది పైవాడలో ఉండే ఒకావిడ.

"నేనా?"

"నా కొట్టం కూలుస్తానని ఇతనే అన్నాడు!" అన్నాడు అలోయ్జ్ లేచి. "నా ఇంటి పందితొడ తీసుకుని మరీ అన్నాడు!"

"నీ కొట్టం ఎందుకు కూలుస్తానయ్యా? కూలుతుందన్నది దుప్పి!"

"దుప్పి ఎక్కణ్నుంచి వచ్చింది మధ్యలో?"

"మధ్యలోంచే వచ్చింది! అడవిలోంచి! నువ్వు దారి అడిగావు, చెప్పాను!"

సిరిల్‌కు కొంచెం కొంచెంగా అర్థమైంది. అతను కోటు జేబులోంచి దుర్బీను తీసి, తప్పు చేసిన పిల్లవాడిలా చేతులు చాపి చూపించాడు. "నేను కొలిచింది దీన్ని. ఏది కొనాలో తేల్చుకుందామని. అంతే. రోడ్డూ లేదు, సొరంగమూ లేదు. నాకు జీపు నడపడం తప్ప ఆ కార్యాలయంలో ఏమీ రాదు."

అందరికంటే ముందు తేరుకున్నవాడు లుద్విక్. మూడో వరసలోంచి లేచి వేదిక దగ్గరికి వచ్చి, దుర్బీను అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. అతని ముఖం ఎర్రబడింది.

"ఇది ఎనిమిది రెట్లది కాదు."

"కాదు. ఇది తిప్పుకునేది."

"ముప్పై ఎనిమిదేళ్లుగా ఈ సంఘంలో ఎనిమిది రెట్లదే వాడుతున్నాం. నన్నొక్కమాట అడగాలనిపించలేదా?"

"ఎనిమిది రెట్లది బీచ్ అడవిలో ఏం చూపిస్తుంది లుద్విక్? ఆకుల్ని చూపిస్తుంది!" అని వెనకనుంచి ఒక సభ్యుడు అందుకున్నాడు. "అతనికి కావలసింది పొట్టిది!"

"పొట్టిది పెట్టుకుని రాతిమైదానం మీద దేన్ని కొడతాడు? మబ్బుల్నా?" అన్నాడు ఇంకొకడు.

మిగతా సభ్యులంతా లేచారు. గాజు పెద్దదిగా ఉండాలన్నవాడొకడు, పెద్ద గాజు కొమ్మలకు తగులుకుంటుందన్నవాడొకడు. కంటికి దగ్గరగా పెడితే తుపాకీ తన్నినప్పుడు కనుబొమ్మ చీలుతుందని ఒకడు తన మచ్చ చూపించాడు. ఏ భయంతో సిరిల్ ఈ మూడురోజులూ నోరు కట్టుకు తిరిగాడో, అది హాలు నిండా నిలబడి చేతులు ఊపుతోంది. మిగతా ఊరివాళ్లు ఒక్కొక్కరే బయటికి నడిచారు. మొక్కలు నాటినవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. జోఫ్కా మాత్రం గుమ్మం దగ్గర ఆగి, "నేను మొదటే అడిగాను, ఎవరి కోసమని," అంది.

మేయర్ ఫెర్దో వేదిక మీద ఒంటరిగా మిగిలాడు. రాజధానికి పంపిన ఉత్తరాన్ని వెనక్కి తీసుకోవాలంటే, ఎందుకు పంపాడో చెప్పుకోవాలి. రెండు క్షణాలు ఆలోచించి, అలాంటి ఉత్తరాలు అక్కడ ఎవరూ చదవరులే అని సర్దిచెప్పుకుని ఇంటికెళ్లాడు.

సోమవారం సిరిల్ రెండు పెట్టెలు హెర్మీనాకు తిరిగిచ్చి, మూడోదాన్ని తుపాకీకి బిగింపించుకున్నాడు. ఎవరి మాటా విని కాదు. రాతిమైదానం మీద మసకబడే వేళ మూడింటితోనూ ఒకే ఎర్ర పీలికను చూసినప్పుడు, ఏది సరిపోతుందో అతని కంటికే తెలిసింది. మంగళవారం సంఘం మైదానంలో మూడు గుళ్లు పేల్చి గురి సరిచూసుకున్నాడు.

బుధవారం సాయంత్రం వెలుగు పోయే వేళ మొక్కజొన్న చేను చివరనున్న మంచె మీద కూర్చున్నాడు. దుప్పి వచ్చింది. కానీ ఎప్పటిలా చేను అవతల ఆగలేదు. నేరుగా మంచె కిందికి, పదిహేను అడుగుల దూరంలోకి నడిచి వచ్చింది. కొత్తగా నాటిన ఆపిల్ మొక్కలు దానికి అంతగా నచ్చాయి. సిరిల్ ఊపిరి బిగబట్టి కన్ను పెట్టాడు. పొలం మీద దూరాలు చూడటానికి తిప్పిన కట్టు పన్నెండు రెట్ల మీదే ఉండిపోయింది. గాజు నిండా గోధుమరంగు బొచ్చు. తల ఎటో, తోక ఎటో, అసలది దుప్పో, అలోయ్జ్ ఆవో ఆ బొచ్చును చూసి చెప్పడం కష్టం. ఏదో తెలియకుండా సిరిల్ ఎన్నడూ మీట నొక్కలేదు. కట్టును తిప్పబోతే అది చిన్నగా టిక్కుమంది. దుప్పి తలెత్తింది. దాని నోట్లో వేళ్లతో సహా ఒక ఆపిల్ మొక్క వేలాడుతోంది. వేటలో పడిన దుప్పి నోట్లో వేటగాడు ఒక పచ్చటి రెమ్మ పెట్టి సాగనంపుతాడు. ఈ దుప్పి ఆ పని తానే ముగించుకుని, బతికే వెళ్లిపోయింది.

సారాకొట్టులో ఎవరో "మళ్లీ పాలేనా?" అన్నారు.

"కాదు," అన్నాడు సిరిల్. "ఈసారి బొచ్చు."

అందరూ నవ్వారు. అతనికి మాత్రం ఆ రాత్రి అన్నం సహించలేదు. నెల ముగియడానికి నాలుగు రోజులే ఉన్నాయి. రొజాలియా పందితొడ ముక్కలు మరో రెండు పళ్లెంలో వేసింది.

ఇరవై తొమ్మిదో తారీకు ఉదయం రాతిమైదానం మీద గాలి ఎదురుగా వీస్తోంది. దుప్పి బండల మధ్యనుంచి పక్కగా నడుస్తూ బయటికి వచ్చి నిలబడింది. సిరిల్ ముందు కట్టును పూర్తిగా వెనక్కి తిప్పి అదెక్కడుందో చూసుకున్నాడు. తర్వాత నెమ్మదిగా, భుజం స్పష్టంగా కనపడేదాకా మాత్రమే ముందుకు తిప్పాడు. ఒక్కటే గుండు. దుప్పి రెండడుగులు వేసి ఒరిగిపోయింది. సిరిల్ లేచి దాని దగ్గరికి నడిచాడు. తర్వాత టోపీ తీసి, దేవదారు రెమ్మ విరిచి, దాని నోట్లో తన చేత్తో పెట్టాడు.

ఫోను చేయగానే లుద్విక్ అరగంటలో కొండెక్కి వచ్చాడు. వేటదీవెన చెప్పి చెయ్యి కలిపాడు. ఇంకో రెమ్మ విరిచి సిరిల్ టోపీకి గుచ్చాడు. కొమ్ముల్ని చూశాడు, గుండు తగిలిన చోటు చూశాడు. ఆఖరున తుపాకీ అందుకుని కళ్లజోడు పెట్టుకుని దుర్బీను మీది అంకె చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఎనిమిది మీద ఉంది," అన్నాడు.

"ఉండొచ్చు. నేను చూసుకోలేదు."

"ఎనిమిది మీద ఉంది సిరిల్."

"సరే లుద్విక్."

ఆ సాయంత్రం సారాకొట్టులో, కొత్తరకం దుర్బీనులు కూడా ఎనిమిది రెట్ల మీద పెడితే బాగానే పనిచేస్తాయని సంఘం పెద్ద ప్రకటించాడు. పొట్టి దుర్బీను పక్షంవాళ్లు మాత్రం, ముందు వెనక్కి తిప్పి చూడబట్టే దుప్పి దొరికిందని వాదించారు. సిరిల్ ఎవరినీ కాదనలేదు. ఆ రోజు అతని ముందు ఎవరూ పాలు పెట్టలేదు.

అక్టోబరు మధ్యలో రాజధాని నుంచి జవాబు వచ్చింది. మేయర్ దాన్ని నాలుగుసార్లు చదివాడు. స్కాలిన్యే వైపు రోడ్డు వేసే ఆలోచన ఇంతవరకూ తమకు లేదనీ, అయితే ఊరి ఓటర్లను మించిన సంఖ్యలో సంతకాలు రావడం తమ దృష్టిని ఆకర్షించిందనీ, కొలతలకు వెంటనే ఒక బృందాన్ని పంపిస్తున్నామనీ అందులో ఉంది. ఫెర్దో ఉత్తరాన్ని మడిచి సొరుగులో పెట్టి తాళం వేశాడు. ఈ సంగతి ఊరికి ఎలా చెప్పాలో ఆలోచించుకోవడానికి కొన్నాళ్లు వ్యవధి కావాలనుకున్నాడు.

వ్యవధి దొరకలేదు. మర్నాడు ఉదయమే నారింజ కోట్లు వేసుకున్న ముగ్గురు గుడి ముందు ముక్కాలి స్టాండు నిలబెట్టారు. ఈసారి జోఫ్కా ఫోను తీయలేదు. కిటికీలోంచి చూసి నవ్వి, వాళ్లకు ప్లమ్ సారా మూడు చిన్న గ్లాసుల్లో పోసి తెచ్చింది.

"ఏ దుప్పి కోసం నాయనా?" అంది.

"దుప్పి కాదమ్మా. రోడ్డు కోసం."

"అలాగే, అలాగే. తాగండి," అంది జోఫ్కా, ఓదారుస్తున్నట్టు. దారిన పోతున్న అలోయ్జ్ కూడా ఆగి, "రోడ్డట!" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. బృందం వాళ్లు పాతిన కొయ్యలు కూడా సిరిల్‌వేననుకుని ఊరివాళ్లు వాటిని పీకి, మర్యాదగా రొజాలియా పెరటి గోడకు ఆనించి వెళ్లారు.

పెరట్లో కొయ్యలు పెరగడం చూసి విషయం అర్థమైనవాడు ఊళ్లో సిరిల్ ఒక్కడే. సంగతి చెప్పేద్దామని గుడి దగ్గరికి నడిచాడు. బృందం నాయకుడు సన్నగా పొడుగ్గా ఉన్నాడు. యంత్రం ముందు వంగి ఉన్నవాడు నిటారుగా లేచి, సిరిల్ టోపీకి గుచ్చి ఉన్న దేవదారు రెమ్మను చూశాడు. అతని ముఖం వెలిగింది.

"మీరు వేటగాళ్లా? నేనూ అంతే. మాది తూర్పున, మైదానం. ఈ ఏడే అనుమతి వచ్చింది. దుర్బీను ఏది కొనాలో తెలియక చస్తున్నాను. ఒక్కొక్కడూ ఒక్కోటి చెబుతున్నాడు. మీరు ఒక్క మాట చెప్పగలరా?"

సిరిల్ చుట్టూ చూశాడు. ఊరివైపు చూశాడు, వాగువైపు చూశాడు. గుడి మెట్టు మీద దుమ్ము దులిపి, "ఇలా కూర్చో," అన్నాడు.

ఆ రోజంతా రోడ్డు ఒక్క మీటరు కూడా ముందుకు జరగలేదు.